బూరెకు కుదరని సంబంధం

ముప్పైరెండేళ్ళు నల్లజర్ల హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పాను. ఫణికిరణ్‌కు వంశపారంపర్యం పాఠం చెప్పింది కూడా నేనే. పొడుగు బఠాణీ మొక్కను పొట్టి మొక్కతో కలిపితే ఏమవుతుందో వాడికి నాలుగుసార్లు చెప్పాను. అప్పుడు బుర్రకెక్కలేదు. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో పగ్ కుక్కల్ని పెంచి, పిల్లల్ని తీయించి అమ్ముతున్నాడు. చెప్పిన పాపం నాదే.

రెండేళ్ళ క్రితం వట్లూరులో మా ఇంటికి వచ్చి, గురుదక్షిణ అంటూ ఒక ఆడ కుక్కపిల్లను నా ఒళ్ళో పెట్టాడు. గుండ్రంగా, గోధుమరంగులో ఉందని బూరె అని పేరు పెట్టుకున్నాం. వాడు పెట్టిన షరతు ఒకటే. పెద్దయ్యాక మొదటి కాన్పుకు దాన్ని తన దగ్గరకు పంపాలి. మగకుక్కను తనే చూస్తాడు. మావారు ఉమామహేశ్వరరావుగారు సరేనని మాట ఇచ్చేశారు. ఆయన పురోహితులు, చుట్టుపక్కల సగం పెళ్ళిళ్ళకు జాతకాలు చూసేది ఆయనే. ఆయన మాటంటే మాటే.

బూరె రోజూ కొబ్బరి పీచు డొక్క ముక్క ఒకటి నోట కరుచుకుని, కూర్చునే నిద్రపోయేది. ఎంత ముద్దుగా ఉందోనని వీడియోలు తీసి చుట్టాలందరికీ పంపాను. మొన్న మే నెల ఎండల్లో అది నాలుక నల్లబడి పడిపోతే, ఏలూరులో పశువుల డాక్టరు దుర్గాభవానిగారి దగ్గరకు పరుగెత్తాం.

"అది ముద్దు కాదండీ. నోరు మూసుకుంటే దీనికి ఊపిరాడదు. మూసుకుపోకుండా ఆ ముక్క అడ్డం పెట్టుకుంటోంది," అందావిడ.

ముక్కు పట్టి చూపించింది. రంధ్రాలుండాల్సిన చోట గోటితో గీసినట్టు రెండు గీతలున్నాయి. సైన్సు టీచర్నయ్యుండీ, ఊపిరి కోసం అది పడే పాట్లు చూసి నవ్వుకున్నాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

ఇంటికొచ్చి ఫోనులో వెతికాను. రెండు వందల ఏళ్ళ నాటి బొమ్మల్లో పగ్‌కు ముక్కుంది, పొడుగాటి కాళ్ళున్నాయి. చూస్తే కుక్కలా ఉంది. ముక్కు కాస్త పొట్టిగా ఉన్నవాటిని ఏరి, వాటి పిల్లల్లో ఇంకా పొట్టివాటిని ఏరి, మనుషులు ముచ్చటపడీ పడీ దాని ముఖాన్ని లోపలికి తోసేశారు. వాళ్ళ ముచ్చట తగలెయ్య.

గురువారం పొద్దున్నే ఫణి కారేసుకుని వచ్చాడు, బూరెను తీసుకెళ్ళడానికి. హాల్లో మావారు రెండు జాతకాలు ముందేసుకుని కూర్చున్నారు. నల్లజర్ల రైతు వెంకట్రాజుగారు కూతుర్ని తన బావమరిదికే, అంటే పిల్ల మేనమామకే ఇచ్చుకుంటున్నారు. ముహూర్తం పెట్టించుకోవడానికి సాయంత్రం భార్యతో వస్తారు.

ఫణి కాఫీ తాగుతూ ఫోనులో ఫొటోలు చూపించాడు.

"ఇది బూరె ముత్తవ్వండీ మేడంగారూ. ఇది అమ్మమ్మ. ఇది తల్లి. తరం తరానికీ ముక్కు ఎలా తగ్గించుకొచ్చానో చూడండి. ఇక బూరె పిల్లలకి ముక్కే కనపడదండీ."

ముత్తవ్వకు బొటనవేలంత ముక్కుంది. ఆ వేలు చివరి ఫొటోకు వచ్చేసరికి మాయమైంది.

"మగకుక్క ఏది?" అన్నాను.

"మా భైరవేనండీ. పోటీల్లో కప్పులు కొట్టింది."

వాడు తెచ్చిన, రెండు కుక్కల వంశావళీ రాసున్న సర్టిఫికెట్లు మావారి ముందు పెట్టాను.

"ఏవండీ, ఊరందరికీ చూస్తారుగా, ఇదీ చూడండి. మూడు తరాలూ పైకి చదవండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని అలవాటుగా అందుకున్నారు. "వరుడు భైరవ. వధువు బూరె. వధువు తల్లి మల్లి. తండ్రి..." అని ఆగిపోయారు. "తండ్రి భైరవ."

ఎవరికైనా మూడు తరాలు అడగనిదే నోరు విప్పని మనిషి, కుక్కే కదా అని ఏ కాగితమూ అడక్కుండా మాట ఇచ్చేశారు.

"కుక్కలకి వావివరసలేంటండీ," అని ఫణి నవ్వాడు. "గుణం నిలబడాలంటే దగ్గర రక్తమే కలపాలి. అయినా మీదీ మేనరికమే కదండీ. బాగానే ఉన్నారుగా."

వాడు చెడ్డవాడు కాదు, నోరు జారాడు. నిజమే, నేను మావారి అక్క కూతుర్ని. పెళ్ళినాటి దాకా ఆయన్ని మావయ్యా అనే పిలిచాను. గోత్రాలు వేరు, జాతకాలు కుదిరాయి, వంక పెట్టడానికేమీ లేకపోయింది. మాకు పుట్టిన ఒక్క పిల్లా ఎనిమిది రోజులే బతికింది. దగ్గర రక్తం వల్లేనని డాక్టరు చెబుతుంటే ఇద్దరం విన్నాం. పదకొండో రోజు దాకా ఉంటే పేరు పెట్టేవాళ్ళం. నలభై ఒక్కేళ్ళుగా ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

నేను ఎత్తాను.

"మా పిల్లకి ఎనిమిది రోజులు ఊపిరాడలేదు ఫణీ. పక్కన కూర్చుని చూశాను. అప్పుడు తెలియక చేశాం. ఇప్పుడు తెలిసి చెయ్యను. బూరె రాదు."

వాడు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "సారు మాట ఇచ్చారు కదండీ," అన్నాడు మెల్లగా.

"మాట ఇచ్చింది సారు. కనేది ఇది."

"నాకు ఇంకో ఆడకుక్క ఉందిలెండి."

"ఉంటుంది. నీ గేటు ముందు కుర్చీ వేసుకుని, కొనడానికొచ్చే ప్రతివాళ్ళకీ ఈ ముక్కు పాఠం చెప్తాను. నాకు పెన్షనుంది, కావలసినంత తీరికుంది."

ఫణి మావారి వంక చూశాడు. ఆయన కాగితాలు మడిచి వాడి చేతిలో పెట్టారు.

"మాట తప్పుతున్నాను నాయనా. ఎవరితోనైనా చెప్పుకో. ఈ సంబంధం కుదరలేదు."

కారు వెళ్ళిపోయింది. మధ్యాహ్నం ఆయన అన్నం సరిగా తినలేదు.

నాలుగింటికి వెంకట్రాజుగారూ, భార్య విజయకుమారీ వచ్చారు. మావారు జాతకాలు రెండూ వాళ్ళ వైపు జరిపారు.

"కుదరలేదండీ."

"గ్రహాలు బాగాలేవాండీ?"

"దివ్యంగా ఉన్నాయండీ."

"గోత్రాలా?"

"అవీ వేరేనండీ."

"మరి వంకేంటండీ పంతులుగారూ?" అంది విజయకుమారి.

ఆయన కాళ్ళ దగ్గర బూరె డొక్క ముక్క కరుచుకుని గురక పెడుతోంది. ఆయన ఒకసారి దాన్ని చూసి, వంటింటి గుమ్మంలో ఉన్న నన్ను చూశారు.

"మాకో ఆడపిల్ల ఉండేదండీ," అని మొదలుపెట్టారు.