ఇరవై రెండో పేజీ

పొద్దున తొమ్మిదికల్లా బుల్డోజరు వచ్చి ఐసు పెద్దమ్మ వంటింటి గోడను ఒక్క తోపుతో కూల్చేసింది. పొయ్యి మీద గిన్నె గిన్నెలాగే ఉంది, గోడ మాత్రం లేదు. ముప్పై ఏళ్లు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసి నడుం వంగిపోయిన మనిషి, ఆ గిన్నె దింపుకోవడానికి విరిగిన రేకుల మీద పాకుతోంది.

"ఏ కాగితం చూసి కూలుస్తున్నారయ్యా?" అంటూ జనం మీదపడ్డారు.

బుల్డోజరు వెంట వచ్చిన అధికారి కాగితం తియ్యలేదు. చంకలోంచి నీలి అట్ట పుస్తకం తీశాడు.

ఆ అట్టను మోకు పెద్దన్న చూడగానే గుర్తుపట్టాడు. అది వాళ్ల పుస్తకమే. సముద్రం ఒడ్డున ఈ పేట పుట్టుక, సంఘం పుట్టుక అంతా రాసి పోయిన ఏడాది సంఘం పేరున అచ్చేయించారు.

"ఇరవై రెండో పేజీ," అని అధికారి గొంతు సవరించుకున్నాడు. "'సముద్రం కోసుకుంటూ ముందుకొస్తే మేం వెనక్కి జరుగుతాం. మా హయాంలోనే మూడుసార్లు జరిగాం. మా నాన్న పుట్టిన చోట ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి.' ఎవరయ్యా ఈ మాటలు చెప్పింది?"

"నేనే," అన్నాడు మోకు.

"చాలా థాంక్స్. ఒక్కచోట పదేళ్లు కుదురుగా లేమని మీరే చెప్పుకున్నారు. అంటే తాత్కాలికులు. తాత్కాలికులకు పట్టాలుండవు. రేపు సాయంత్రానికి మిగతా ఇళ్లు కూడా ఖాళీ కావాలి." బుల్డోజరును అక్కడే వదిలి జీపెక్కాడు.

మోకు తాళ్లు పేనేవాడు. ఆ పేరు అందుకే వచ్చింది. పేటలో ఇళ్లన్నీ కర్రా రేకూ ఇళ్లు. సముద్రం ఒడ్డును కొరికినప్పుడల్లా అందరూ కలిసి ఒక్క పూటలో ఇళ్లు విప్పి, భుజాల మీద మోసి, వెనక నిలబెట్టుకునేవాళ్లు. ఎవరి వాటా నేల ఎంతో కొలిచే మోకు ఒకటుండేది. దాన్ని పక్షపాతం లేకుండా పట్టుకునే మనిషి కావాలి కదా, అందుకే సంఘం పుట్టింది. మొదట ఆ మోకు పట్టింది ఇతని తండ్రి. తండ్రి పోయాక ఇతను.

సంఘం సెక్రటరీ మాత్రం చదువుకున్న బావ, మోకు చెల్లెలి మొగుడు. "బావా, మన చరిత్ర నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారు? ఎన్నిసార్లు జరిగాం, ఎప్పుడెప్పుడు జరిగాం, అన్నీ విడమర్చి చెప్పు," అని పక్కన కూచుని రాసుకున్నాడు. నాలుగో తరగతిలో బడి మానేసినవాడికి తన మాట అచ్చులో కనబడితే ఎలా ఉంటుంది? మోకు ఆ పుస్తకం గూట్లో పెట్టుకుని, ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ పేజీ విప్పి చూపించాడు. ఉరితాడుకి తనే పురి పెట్టానని అతనికేం తెలుసు!

జనం సంఘం గదికి పోయారు. బావ కుర్చీలోంచి లేవలేదు.

"నువ్వు చెప్పిందే రాశాను బావా. ఒక్క అక్షరం మార్చానా?"

"మార్చలేదురా. అడిగావు. ఆ ప్రశ్నలు నీకెవడిచ్చాడు?"

గుమ్మంలోంచి బావ పెళ్లాం లోపలికొచ్చింది. కొంగుముడి విప్పి, ఒక తాళంచెవి బల్ల మీద పడేసింది.

"మన పేట మీద కన్నేసిన హోటల్ కంపెనీవాళ్లిచ్చారన్నయ్యా. ప్రశ్నలూ వాళ్లవే, పుస్తకం అచ్చేయించిందీ వాళ్లే. ఊళ్లో మేడ మీద మాకు రెండు గదులట. నిన్న ఈ తాళంచెవి నా చేతిలో పెట్టి మురిసిపోయాడు."

"పిల్లల కోసమే కదే..." అన్నాడు బావ.

"మాకు లేరా పిల్లలు?" అని పడవ మేస్త్రి వచ్చి బావ కాలర్ పట్టుకున్నాడు. "నీ ఇంటి రేకులు మోసి నా భుజం కాయ కాసింది కదరా!"

కొందరు కోర్టన్నారు. కొందరు కాళ్లు పట్టుకుందామన్నారు. అప్పుడే మోకు వైపు తిరిగి అందుకుంది ఐసు పెద్దమ్మ.

"వాడు అమ్ముకున్నాడు సరే. నోరు జారింది నువ్వు కాదూ? ఆ పుస్తకానికి ఫోటో కూడా దిగావు కదరా, పళ్లికిలించి!"

మోకు తల దించుకున్నాడు. "తప్పు నాదే పెద్దమ్మా," అన్నాడు. గోడకున్న మేకు నుంచి అతను కొలత మోకు తీసి భుజానికి వేసుకున్నాడు.

"జరిగేవాళ్లమన్నారుగా. జరుగుదాం."

"వెనకేముందిరా జరగడానికి? కంపెనీ కంచె!"

"ఆ కంచెలో ఉన్నది ఎవరి నేల? మనం వలలారేసుకున్న నేల కాదూ? ఎల్లుండి హోటల్‌కి పునాది తవ్వుతారట. అక్కడికే జరుగుదాం."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా నవ్వింది ఐసు పెద్దమ్మే. "నా ఇంటికి గోడెలాగూ లేదు. మొదట నాదే మొయ్యండి."

మర్నాడు తెల్లవారుతూనే కంచె పడిపోయింది. ఆడవాళ్లు గుంటలు తీశారు, మగవాళ్లు స్తంభాలు మోశారు, మేస్త్రి మేకులు కొట్టాడు. మోకు కొలత తీసి ముడి వేసిన చోటల్లా ఒక ఇల్లు లేచింది. పదకొండు గంటలకు పోలీసులు వచ్చేసరికి నలభై ఇళ్లు నిలబడ్డాయి.

అధికారి జీపులోంచి దూకాడు. "ఎవడు రమ్మన్నాడు మిమ్మల్నిక్కడికి?"

"మీ చంకలోనే ఉంది కదండీ," అన్నాడు మోకు. "ఇరవై రెండో పేజీ. మేం జరుగుతాం."

జనం గొల్లున నవ్వారు. లాఠీలు లేచాయి. మోకు నుదురు చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది. ఇద్దరు పోలీసులు రెక్కలు పట్టి ఈడుస్తుంటే, అతను కొలత మోకు కొసను చెల్లెలి చేతిలోకి విసిరాడు.

"ఇంకా పదమూడిళ్లున్నాయమ్మా. నీకూ ఒకటి కొలుచుకో."

"మీ ఆయనక్కూడానా?" అని ఎవరో అరిచారు.

"ఆయనకి మేడుందిగా!" అంది ఆమె.

వ్యాను తలుపు పడింది. జాలీలోంచి ఒంటికంటితో చూశాడతను. ఇసకలో పడున్న మోకు మెల్లగా లేచింది. ఒక కొసన చెల్లెలు, రెండో కొసన ఐసు పెద్దమ్మ. మధ్యలో లాఠీలు. మోకు బిగిసింది.