ఇద్దరి కళ్ళకూ ఒకటే గురి

చర్చివాళ్ళ తుపాకీ పందానికి జోడీగా పేర్లిచ్చి వచ్చాక గానీ వర్నాకు అసలు చిక్కు తట్టలేదు. జోడీ అంటే ఇద్దరూ ఒకే తుపాకీతో కాల్చాలి. వాళ్ళింట్లో ఉన్నది ఉడుతల్ని కొట్టే పొట్టి తుపాకీ. చంకలో పెట్టుకుంటే గొడుగులా ఇమిడిపోతుంది. దాని మొనమీద గురి చూసుకునే సన్నటి ఇనప ముక్క కొన్నాళ్ళుగా ఇద్దరి కళ్ళకూ ఆనడం లేదు. మొన్నటికి మొన్న వర్నా పెకాన్ చెట్టుమీది ఉడుతను కొట్టబోయి, పిట్టలకు గింజలు పోసే డబ్బాను కూల్చింది. ఉడుత కిందికి దిగొచ్చి ఆ గింజలు తీరిగ్గా తింది.

జోడీలో రెండో మనిషి ఓలీటా, వర్నాకు వదిన. అన్న పోయిన దగ్గర్నుంచీ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఇద్దరికీ అరవై దాటాయి. పొద్దున లేచింది మొదలు మాటా మాటా అనుకోకపోతే ఇద్దరికీ కాఫీ రుచించదు.

శనివారం హార్లన్ తన తుపాకుల కొట్టు తెరవగానే వెళ్ళారు.

"మా తుపాకీకి కళ్ళజోడు కావాలి నాయనా," అంది ఓలీటా.

హార్లన్ తుపాకీ అందుకుని, లోపల తూటా లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని బల్లమీద పెట్టాడు.

"తేలిగ్గా ఉండాలి హార్లన్. మా వదిన భుజం సంగతి నీకు తెలిసిందేగా," అంది వర్నా.

"నా భుజానికేమొచ్చిందే? నీ మోకాళ్ళ సంగతి చూసుకో."

హార్లన్ ముందుగా పొడుగాటి స్కోపు ఒకటి బిగించి చూపించాడు. ఓలీటా ఎత్తబోయేసరికి తుపాకీ బరువుకు ఆమె చెయ్యి కిందికి జారింది.

"ఇది తుపాకీకి పెట్టిన దుర్భిణియా, దుర్భిణికి పెట్టిన తుపాకీయా? తీసెయ్యి బాబూ!"

అప్పుడతను అగ్గిపెట్టె కంటే చిన్నదైన అద్దం పరికరాన్ని తెచ్చి వర్నా చేతిలో పెట్టాడు. "ఇందులోంచి గోడకున్న ఆ దుప్పి తలను చూడండక్కా. ఎర్ర చుక్క కనిపిస్తుంది. చుక్క ఎక్కడుంటే దెబ్బ అక్కడ."

వర్నా చూసింది. దుప్పి నుదుటిమీద నిప్పు కణంలాంటి చుక్క, గుండ్రంగా, ముద్దుగా. చెయ్యి కదిలిస్తే చుక్క ముక్కుమీద వాలింది. ఇంకాస్త కదిలిస్తే చెవి మీద. వర్నా పదేళ్ళ పిల్లలా కిచకిచమంది. "వదినా, వదినా! దుప్పికి బొట్టు పెట్టాను చూడు!"

ఓలీటా లాక్కుని చూసింది. చాలాసేపు చూసింది. "చుక్కేదే? ఇక్కడ ద్రాక్షగుత్తి ఉంది."

"ద్రాక్షగుత్తేమిటి నీ మొహం!"

"నా మొహం కాదు, దుప్పి మొహం మీదే ఉంది. నాలుగైదు పళ్ళు, కిందొక తొడిమ."

"కావాలనే అంటున్నావు. నాకు నచ్చిందంటే చాలు, నీకు ద్రాక్షలు కాస్తాయి."

"అబద్ధమాడితే నా పళ్ళూడిపోనూ!"

"అవి ఎప్పుడో ఊడాయిగా!"

ఇద్దరి మధ్యా తీర్పు చెప్పబోయి హార్లన్ తనే ఒకసారి చూశాడు. అతని మొహం వాడిపోయింది. "నాకు... కామాలా ఉందేమిటి?"

గేలాలు కొనడానికొచ్చిన పాస్టరుగారు ఉండబట్టలేక చెయ్యి చాచారు. ఆయనకు రెండు చుక్కలు కనిపించాయి. "ఒకటి నాది, ఒకటి సాతానుదీ అయ్యుంటుంది," అన్నారాయన గంభీరంగా. ఆ మాటతో కొట్లో ఉన్నవాళ్ళందరూ వరుస కట్టారు. ఒకరికి తోకచుక్క, ఒకరికి ఎండుమిరపకాయ. బరువులు మోసే ఒక పెద్దాయనకైతే అసలేమీ కనబడలేదు, దాన్ని తిరగేసి పట్టుకున్నాడని తర్వాత తెలిసింది. ఓలీటా నవ్వీ నవ్వీ తూటాల పెట్టెమీద కూలబడింది. వర్నా కళ్ళు తుడుచుకుంటూ ఆమెమీదే కూలబడింది.

హార్లన్ అద్దంలోంచి తన ఫోనుతో ఫొటో తీశాడు. ఫొటోలో చుక్క గుండ్రంగానే ఉంది. "వస్తువులో లోపం లేదక్కా. మన కంటి వంపులోనే ఉంది," అన్నాడు దిగులుగా.

"అయితే కొనెయ్యవే వర్నా," అంది ఓలీటా ఊపిరి తీసుకుని. "నేను గుత్తిలో నడిమి పండుతో కొడతాను."

"నడిమిది ఏదో ఎలా తెలుస్తుంది?"

"దేవుడే చూసుకుంటాడు."

వర్నా మళ్ళీ ఒక్కసారి అద్దంలోకి చూసింది. దాన్ని వదలబుద్ధి కాలేదు. అయినా బల్లమీద పెట్టేసింది. "వద్దులే. నా ఒక్కదాని కంటికి ఆనితే ఏం లాభం? ఇద్దరికీ పనికొచ్చేది చూపించు హార్లన్."

హార్లన్ బుర్ర గోక్కుని సొరుగు అడుగునుంచి చిన్న ఇనప రింగు తీశాడు. నడుమ సన్నటి కన్నం. "దీన్నెవరూ అడగరు. మెరవదు, బ్యాటరీ ఉండదు. తుపాకీ వెనకవైపు బిగిస్తాను, కన్నంలోంచి చూడడమే." రెండు మరలు తిప్పి బిగించి, తుపాకీని దుప్పి వైపు తిప్పి ఓలీటాకు అందించాడు. రింగు బరువు చేతికి తెలియనే లేదు.

ఓలీటా కన్ను ఆనించింది. తల వెనక్కి తీసి దుప్పిని చూసి, మళ్ళీ కన్ను ఆనించింది.

"వదినా? ఏమైందే?"

"హార్లన్," అంది ఓలీటా మెల్లగా, "ఈ దుప్పికి మెల్లకన్ను."

"అబ్బే!"

"కుట్టినవాడు గాజుకన్ను వంకరగా పెట్టాడు. రెప్పమీద వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి నాకు!" వర్నా తుపాకీ తీసుకుని చూసింది. మొనమీది ఇనప ముక్క కన్నం నడుమ తనంతట తనే వచ్చి నిలబడింది, సన్నటి కన్నం మసకనంతా ఆపేసినట్టు నల్లగా, పదునుగా. నిజమే, దుప్పికి మెల్లకన్నే. అది కొన్నారు.

పందెం రోజున చర్చి వెనక పచ్చికలో వర్నా కాల్చిన తూటాలన్నీ గురిగా కట్టిన కాగితంలోనే పడ్డాయి. ఓలీటా చివరి తూటా సరిగ్గా దాని నడిమి నల్ల చుక్కను తినేసింది. ఆమె ఎగిరి గంతేసి, పాస్టరుగారిని కావలించుకుని, ఆయన టోపీ తన నెత్తిన పెట్టుకుంది. మొదటి బహుమతి ఎవరో కొత్త దంపతులకు పోయింది. వీళ్ళకు రెండోది వచ్చింది, పొగబెట్టిన పందితొడ. దాన్ని చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని ఓలీటా బండెక్కింది.

కొండదారిలో వర్నా బండి నడుపుతుంటే, పక్కన కూర్చున్న ఓలీటా పిడికిలి బిగించి, వేళ్ళ సందులోంచి దారి పక్క బోర్డుల వైపు చూడడం మొదలుపెట్టింది.

"ఏమిటది?"

"కన్నం! చేత్తో చేసినా పనిచేస్తోందే! 'తేనె అమ్మబడును.' 'కుక్క ఉంది, జాగ్రత్త.' అయ్యో వర్నా, ఇన్నేళ్ళుగా 'ఎల్మర్ పాపుల రేవు' అనుకుంటున్నా, అది 'ఎల్మర్ పాముల రేవు'! అక్కడేనే మనం పోయిన వేసంగి స్నానం చేసింది!"

వర్నాకు నవ్వుతో దారి కనబడలేదు. బండిని పక్కకు తీసి ఆపేసింది. ఇద్దరూ పందితొడ మీద వాలి కడుపు చెక్కలయ్యేలా నవ్వుతూ కూర్చున్నారు.