తీరిక దొరకని లాప్‌టాప్

ఫుసాకో లాప్‌టాప్‌కి ఏదో మాయరోగం పట్టుకుంది. మొన్నమొన్నటి దాకా ఒకసారి చార్జింగ్ పెడితే మధ్యాహ్నం సభ మొదలైంది లగాయతు సాయంత్రం ముగిసేదాకా నిక్షేపంలా నడిచేది. కొత్త అప్‌డేట్ వచ్చింది, వేసుకుంటావా అని అదే అడిగితే, సరేనని నొక్కింది. అంతే, ఆనాటి నుంచీ గంట తిరక్కుండానే బ్యాటరీ ఖాళీ.

ఇంకొకరికైతే ఇదో పెద్ద విషయమా, వైరు తగిలించుకుని కూర్చుంటారు. ఫుసాకో పని అలాంటిది కాదు. వినికిడి పోయినవాళ్ళ పక్కన కూర్చుని, చుట్టూ ఎవరేం మాట్లాడితే అది టకటకా టైపు చేసి తెర మీద చూపిస్తుంది. యానాగావా ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళలో ఆమె వేళ్ళకున్న వేగం మరొకరికి లేదు. ఆ మాట ఆమే చెప్పుకుంటుంది గానీ, అబద్ధం మాత్రం కాదు.

వచ్చే ఆదివారం ఆమెతో చిన్నప్పుడు చదువుకున్నవాళ్ళంతా కాలవలో పడవ మీద కలుస్తున్నారు. చలికాలం పడవ కాబట్టి మధ్యలో పొట్టి బల్ల, బల్ల మీద దుప్పటి, దుప్పటి కింద బొగ్గుల కుంపటి ఉంటాయి. అప్పట్లో వాళ్ళకి చదువు చెప్పిన ముటా మాస్టారికి తొంభై దాటాయి. ఆయనతో మళ్ళీ ఇలా కూర్చుంటామన్న నమ్మకం ఎవరికీ లేదు, కాకపోతే పైకి అనరు. ఈసారి వాళ్ళ తరగతిలోనే చదివిన ఇసావో కూడా వస్తానన్నాడు. ఫుసాకో దిగులంతా అతని గురించే.

ఇసావో బస్సు డ్రైవరుగా ఉండగానే చెవులు పూర్తిగా పోయాయి. ఆ తరవాత ఒక్కసారి వచ్చాడు ఇలాంటి విందుకి. అందరూ నవ్వినప్పుడల్లా తనూ నవ్వి ఇంటికి పోయాడు, మళ్ళీ మొహం చూపించలేదు. నవ్వి నవ్వి దవడలు నొప్పెట్టాయనీ, దేనికి నవ్వాడో ఒక్కటీ తెలీలేదనీ, ఇంక తనని పిలవొద్దనీ ఫుసాకోతోనే చెప్పాడు. ఏళ్ళ తరబడి అతని గుమ్మం పట్టుకుని వేళ్ళాడి, ఒక్క మాట కూడా జారిపోనివ్వను, నాదీ పూచీ అని రాసి చూపించి మరీ ఒప్పించింది. ఇప్పుడు వెదురుగడతో తోసే చెక్క పడవలో ప్లగ్గు ఎక్కణ్ణుంచి తెస్తుంది? నడి కాలవలో తెర నల్లబడితే ఇసావో మళ్ళీ ఆ ఉత్తుత్తి నవ్వు మొహానికి తగిలించుకుని కూర్చోవాలి. ఆ తరవాత గడప దాటమన్నా దాటడు.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని వదిన చిగుసా ఇంటికి పోయింది. చిగుసా కంప్యూటర్ల మనిషేం కాదు, జన్మంతా పియానోలకి శ్రుతి సరిచేసిన మనిషి. అయినా ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా ఫుసాకో కాళ్ళు అటే నడుస్తాయి. వెళ్తూనే ఆ అప్‌డేట్‌ని నానా తిట్లూ తిట్టి, మొత్తం తుడిచేసి మళ్ళీ మొదట్నుంచీ పెట్టించేస్తానంది.

“ఆగు తల్లీ. అన్నీ ఒకేసారి కెలికేస్తే దేనివల్ల బాగైందో నీకెలా తెలుస్తుంది?” అంది చిగుసా.

పియానోలో ఒక్కో స్వరానికి రెండుమూడు తీగలుంటాయి. చిగుసా మిగతా తీగల మధ్య ఉన్నిముక్క దూర్చి నోరు నొక్కేసి, ఒక్క తీగనే వింటుంది. అది కుదిరాకే రెండోదాని మీద చెయ్యి వేస్తుంది. లాప్‌టాప్ దగ్గరా అదే వరస. అప్‌డేట్ వచ్చినప్పుడు తెర వెలుతురు దానంతటదే పూర్తిగా పెరిగిపోయింది, దాన్ని తగ్గించింది. తగ్గించి, టీ కాచి, బ్యాటరీ ఏ మాత్రం దిగుతోందో చూస్తూ కూర్చుంది. కాస్త మేలే గానీ రోగం కుదరలేదు. యంత్రం లేవగానే తమంతట తామే లేచి కూర్చునే ప్రోగ్రాముల్లో ఒకదాన్ని ఆపింది. మళ్ళీ కూర్చుంది.

ఫుసాకోకి ఒళ్ళు మండింది. “వదినా, పియానో అప్పజెబితే ఆ ఇంటి పిల్లలకి పెళ్ళిళ్ళయ్యేదాకా తిరిగివ్వవా ఏంటి?”

“ఇస్తాను. ఇచ్చాక మళ్ళీ నా దగ్గరికి రాదు.”

చిగుసా ఫుసాకోని చేతులు తియ్యమని, నోరు మూసుకోమని చెప్పి, లాప్‌టాప్ మీదికి ఒంగి చెవి పెట్టింది. లోపల ఫ్యాన్ సన్నగా తిరుగుతూనే ఉంది. ఎవరూ ముట్టుకోకపోయినా ఒళ్ళు వంచి పని చేస్తోందంటే ఇది ఎవరి పని చేస్తున్నట్టు అని తనలో తను అనుకుని, చార్జింగ్‌ని ఏది ఎంత తింటోందో చూపించే చోటు వెతికి తెరిచింది. దొంగ అక్కడ దొరికింది. అప్‌డేట్ అయ్యాక యంత్రం తన దగ్గరున్న ప్రతి ఫైలునీ, ప్రతి ఫొటోనీ మళ్ళీ చదివి సర్దుకుంటుందట, అడిగినప్పుడు చటుక్కున వెతికివ్వడానికి. ఆ సర్దుడే ఇంకా నడుస్తోంది. నిజానికి ఎప్పుడో అయిపోవాల్సిన పని.

చిగుసా తలెత్తి, “రాత్రిళ్ళు దీన్నేం చేస్తావు?” అంది.

“ఏం చేస్తాను? పూర్తిగా ఆపేసి, ప్లగ్గు పీకేసి, గుడ్డ కప్పుతాను. కరెంటు దండగ కాదూ?”

గొప్పగానే చెప్పింది. ఆ ఇంట్లో టీవీ దగ్గర్నుంచి అన్నం కుక్కరు దాకా పడుకునే ముందు గోడకి అతుక్కుని ఉండే ప్లగ్గు ఒక్కటీ లేదు. ఉత్తపుణ్యానికి ఏదైనా ఖర్చయితే ‘మొత్తైనై’, అయ్యో దండగ, అని నొచ్చుకునే తల్లి చేతిలో పెరిగింది. అన్నం మెతుకు పారేసినా ఆ మాటే, పగలు దీపం వెలిగినా ఆ మాటే.

చిగుసా నవ్వు ఆపుకోలేకపోయింది. “అది సర్దుకుందామని కూర్చుంటుంది. నువ్వేమో రోజూ పని మధ్యలో పీక నొక్కి పడుకోబెడుతున్నావు. పొద్దున లేచి మళ్ళీ అందుకుంటోంది, అదీ నీ బ్యాటరీ తిని. దానికి తీరిక ఎప్పుడిచ్చావే?”

ఫుసాకోకి తల కొట్టేసినట్టయింది. ఇంట్లో అన్నిటికన్నా ప్రాణంగా చూసుకునే వస్తువుకి తన పొదుపే ఉరయింది. ఆ రోజు నుంచీ చిగుసా చెప్పినట్టు దాన్ని ఆపకుండా, ప్లగ్గు తియ్యకుండా వదిలేసింది. వదిలెయ్యడం ఆమె ప్రాణానికి ఎంత కష్టమైందో! పక్క మీంచి లేచి గోడ దాకా వెళ్ళి, చెయ్యి చాపి, తనని తనే తిట్టుకుని వెనక్కొచ్చింది. శనివారానికల్లా ఫ్యాన్ సద్దుమణిగింది. లైబ్రరీకి పట్టుకెళ్ళి, చెవిలో రేడియో పెట్టుకుని వేళ్ళు లాగేదాకా టైపు చేస్తే, సగం బ్యాటరీ ఇంకా మిగిలే ఉంది. వదిన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. తనైతే మొదటి రోజే అన్నీ పీకి పందిరేసేది. తెలీనిదాన్ని తెలీదని ఒప్పుకుని, తెలిసేదాకా కదలకుండా కూర్చోవడం ఎంతమందికి చేతనవుతుంది? చిగుసా మాత్రం, చలి కూడా బ్యాటరీని తినేస్తుంది, పడవెక్కేదాకా కోటు లోపల దాచిపెట్టుకో అని చెప్పి పంపింది.

ఆదివారం కాలవ మీద చలిగాలి కోసేస్తోంది. దుప్పటి కింద కాళ్ళు చాపుకుని అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఫుసాకో ఒక్కరినీ వదల్లేదు. చిన్నప్పుడు ఒకడు ఈ కాలవలోనే పాములా జారిపోయే ఈలు చేపని పట్టబోయి నిక్కరు పోగొట్టుకున్న సంగతి ఎవరో ఎత్తితే, ఇసావో తెర చూసి, “వాడు చేపని పట్టడం కాదు, చేపే వాణ్ణి పట్టింది” అన్నాడు. పడవ ఊగిపోయేలా నవ్వారు. ఈసారి వాళ్ళు నవ్వింది అతని మాటకి.

పడవ వెనక్కి తిరిగి, ఆఖరి వంతెన కింద తలలు వంచుకుని దాటారు. మొన్నటి లెక్కనైతే ఈపాటికి తెర ఎప్పుడో ఆరిపోయి ఉండేది. అప్పుడు ముటా మాస్టారు దుప్పట్లోంచి చేతులు తీసి, నడుం నిటారుగా పెట్టి, తరగతిలోలాగే హాజరు పిలవడం మొదలుపెట్టారు. కాగితం లేదు, అంతా నోటికే. చనిపోయినవాళ్ళనీ పిలిచి, ఒక క్షణం ఆగి, తరవాతి పేరుకి పోతున్నారు. ఫుసాకో ఆ పేర్ల పక్కన ఖాళీ వదిలింది.

“కోగా ఇసావో.”

తెర మీద పేరు పడింది. ఇసావో చెయ్యెత్తి, హాజరు పలుకుతూ “హై!” అని అరిచాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకి తెలీదు కదా, ఒడ్డున బాతులు లేచిపోయాయి.

“చాలాకాలం బడి ఎగ్గొట్టావురా” అన్నారు మాస్టారు. ఇసావో అది చదువుకుని తల గోక్కున్నాడు.

పేర్లు ముందుకి సాగాయి.

“నోదా ఫుసాకో.”

అది ఆమె పుట్టింటి పేరు. ఫుసాకో వేళ్ళు ఆ పేరు టైపు చేసి, జవాబు ఎవరిస్తారా అని ఆగాయి. ఎవరూ ఇవ్వలేదు. మాస్టారు కూడా ఆగారు. ఇసావో తెర మీద పేరు చూశాడు, పక్కన కీబోర్డు మీదికి వంచిన ఆమె తల చూశాడు.

“ఉంది మాస్టారూ. ఇదిగో, నా పక్కనే ఉంది.”

ఫుసాకో వేళ్ళు అలవాటు కొద్దీ ఆ మాట కూడా టైపు చేసేశాయి.