సొలొమోను గారి గొంతు

జాహిద్‌కి పనొచ్చు. వన్ టౌన్‌లో ఆ మాట కాదనేవాడు లేడు. వచ్చిన చిక్కల్లా ఆ సంగతి వాడికి మరీ ఎక్కువగా తెలియడమే. హార్డ్ డిస్క్ కనపడటం లేదని కంప్యూటర్ మోసుకొచ్చిన ప్రతివాణ్ణీ ముందు నాలుగు దులిపి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ తీసేవాడు.

2002 ఎండాకాలంలో కొండపల్లి నుంచి సొలొమోను గారూ, ఆయన భార్య సంపూర్ణమ్మా ఆటోలో కంప్యూటర్ వేసుకుని వాడి రిపేరు కొట్టుకొచ్చారు. ఆయన థర్మల్ స్టేషన్‌లో చేసి రిటైరైన మనిషి. గొంతులో క్యాన్సరొచ్చి, మూడు నెలల కింద ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మెడకి తెల్లగుడ్డ, చంకలో పలక, జేబులో సుద్దముక్క.

"ఏమైంది?" అన్నాడు జాహిద్. ఆయన పలక తీసి రాయబోయారు.

"లెటర్లు రాయడానికి ఇది పోస్టాఫీసు కాదు పెద్దాయనా. నోటితో చెప్పండి."

మెడకున్న గుడ్డ చూస్తూనే అన్నాడండీ ఆ మాట! నోటి దురద అంటే అదే మరి.

సంపూర్ణమ్మ అందుకుంది. "ఆయన గొంతు ఇందులో ఉంది బాబూ. నాకు చదువు రాదు. నలభై ఏళ్లు పొద్దున్నే బైబిలు ఆయనే చదివి వినిపించేవారు. ఆపరేషన్‌కి ముందు పది రోజులు కూర్చుని, నా కోసమని చదివి ఇందులో దాచారు. పలక మీద రాస్తే నాకు పక్కింటాళ్లు చదివి చెప్పాలి. ఆయన నోటి నుంచి నేను వినేది ఇదొక్కటే. నిన్నట్నుంచి తెరుచుకోవట్లేదు."

జాహిద్ మూత విప్పాడు. లోపల తీగల పట్టీని ఎలుక కొరికింది. కొత్త పట్టీ తగిలించగానే డిస్క్ కనపడింది. ఒక ఫైలు నొక్కాడు.

"సంపూర్ణా, లేచావా? కళ్లజోడు ఇటియ్యి..."

గంభీరమైన గొంతు. సంపూర్ణమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మూడు సెకన్లయినా కాలేదు, జాహిద్ ఆపేశాడు. "ఇంటికెళ్లి వినండమ్మా. డిస్కు టిక్కు టిక్కుమంటోంది, ఇవాళో రేపో పోతుంది. ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించాలి."

కొత్త డిస్కు సొలొమోను గారు ముందే కొని తెచ్చారు. పాతది ఇరవై జీబీ, కొత్తది నలభై. తికమక పడకూడదని పాతదాని మీద ఆయనే చీటీ కూడా అంటించారు, 'నా గొంతు ఇందులోనే ఉంది' అని. జాహిద్‌కి ఒళ్లు మండింది. "నా పని నాకే నేర్పుతారా?" అని చీటీ పీకి అవతల పారేశాడు.

"బాబు మంచోడు, టీ తెస్తానుండండి" అంటూ సంపూర్ణమ్మ కళ్లు తుడుచుకుని బయటికెళ్లింది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. గన్నవరం నుంచి ఎవరో. జాహిద్ రిసీవర్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, తన గొప్పలు చెబుతూనే కీబోర్డు మీద వేళ్లు ఆడించాడు. దేన్నుంచి దేంట్లోకి అని స్క్రీన్ అడిగింది. నొక్కాడు. నలభై నుంచి ఇరవైకి! ఖాళీదాన్ని తీసుకెళ్లి నిండుదాని మీద పరుస్తున్నాడు!

సొలొమోను గారు చూశారు. లేచి నిలబడ్డారు. బల్ల మీద దబదబా బాదారు. నోరు తెరిచారు, మెడ గుడ్డలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతున్నవాడైతే ఆగమని వీధి దద్దరిల్లేలా అరిచేవాడు.

"ఫోన్లో ఉన్నాను, కనపడట్లేదా? కూర్చోండి!" అని కసిరాడు జాహిద్. ఆయన చెయ్యి కీబోర్డు మీదికి వస్తే తోసేశాడు. ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని స్క్రీన్ ఇంకోసారి అడిగింది. సరేనన్నాడు.

ఫోన్ పెట్టేశాక గానీ చూడలేదు, ఎటు నుంచి ఎటు నొక్కాడో. గబగబా అన్నీ ఆపేశాడు. పాతది తెరిచాడు. ఖాళీ. కొత్తది తెరిచాడు. అదీ ఖాళీయే.

సంపూర్ణమ్మ మూడు గ్లాసులతో వచ్చింది. "ఎక్కిందా బాబూ?"

తప్పు నాదేనమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. పక్క కొట్లవాళ్లు వాణ్ణి డిస్కుల డాక్టరంటారు. ఆ పేరు గుర్తొచ్చింది వెధవకి.

"పాత డిస్కమ్మా. ఇందాక అదే ఆఖరిసారి తిరగడం. తర్వాత చచ్చిపోయింది. ఎవరూ ఏం చెయ్యలేరు."

ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టింది. ఒకటి జాహిద్ ముందుకి జరిపింది.

సొలొమోను గారు పలక మీద గబగబా రాశారు. సుద్ద విరిగితే, విరిగిన ముక్కతోనే రాశారు. పలకను భార్యకి చూపించి, జాహిద్ వైపు వేలు చూపారు. ఆమె పలకకేసి చూసింది, ఆయనకేసి చూసింది, చివరికి పలక తెచ్చి జాహిద్ చేతుల్లో పెట్టింది.

"మా ఆయన ఏదో అంటున్నారు. కాస్త చదివి చెప్పు నాయనా."

దాని మీద ఇలా ఉంది: 'వీడే చెరిపేశాడు. నేను చూశాను.'

జాహిద్‌కి సిగ్గేసింది, నిజంగానే వేసింది. వేసి ఏం లాభం?

"నేను బాగా కష్టపడ్డానని థాంక్స్ చెబుతున్నారమ్మా" అని చదివాడు.

"నాకు తెలుసు, ఆయన మనసు అలాంటిది" అంది సంపూర్ణమ్మ. కొంగుతో పలక శుభ్రంగా తుడిచి, భర్త చేతికిచ్చింది.