తగిలించని పలక

నిచ్చెన మూడో మెట్టు మీద నిలబడి కెసెల్ పేరున్న పలకని తడిగుడ్డతో తుడిచాడు ఆర్వల్ టిబెట్స్. టికెట్ల కిటికీ పక్క చెక్కగోడకి పది మేకులు, పది పలకలు. ఆ ఏడు బేస్‌బాల్ లీగులో అందరికన్నా బాగా కొడుతున్న పదిమంది పేర్లు, పక్కన వెయ్యికి ఇన్ని దెబ్బలని వాళ్ల సగటు. రోజూ పొద్దున్నే పేపరు చూసి వాటిని పైకీ కిందికీ మార్చడం అతని పని. గడ్డి కొయ్యడం, బేసుల మధ్య మట్టి దువ్వడం, సున్నపు గీతలు గియ్యడం కూడా అతనివే. ఇరవై రెండేళ్లుగా.

ఆవేళ ఆఖరి ఆట. కంచె అవతల మొక్కజొన్న ఎండి గలగలమంటోంది. పై మేకుకి కెసెల్: మూడు నలభై రెండు. కింద మేకువాడు ఒక్క అంకె తక్కువ, వాడి ఆటలు నిన్నటితో అయిపోయాయి.

ఆర్వల్ దిగి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడ్డాడు. ఎవరూ చూడలేదు.

"పెద్దాయనా, నా పలక బాగా మెరవాలి. మా ఆవిడ ఫొటో తీస్తానంది," అన్నాడు కెసెల్, బెంచీ మీద వేరుశనక్కాయలు ఒలుస్తూ.

మేనేజరు రూడీ చుట్ట నములుతూ నవ్వాడు. "ఇవాళ వీణ్ణి ఆడించను. కూచుంటే సగటు ఎలా పడిపోతుంది?"

వేరుశనక్కాయల చప్పుడు విని ఆర్వల్ ఆగిపోయాడు. అదే బెంచీ. ఇరవై మూడేళ్ల కిందట ఇలాంటి రోజే అప్పటి మేనేజరు తననీ కూచోబెట్టాడు. అందరూ వీపు తట్టారు. చలికాలంలో లీగు పుస్తకం వచ్చింది. అందులో అతని పేరు లేదు. మూడొందల సార్లు బ్యాటు పట్టినవాడికే చోటు. నాలుగు బంతులు దూరంగా పడి ఊరికే నడిచి బేసుకి వెళ్లినవి లెక్కలోకి రావు. మేనేజరు అవీ కలిపేశాడు. మూడు సార్లు తక్కువ. వసంతంలో మోకాలు విరిగింది. మళ్లీ బ్యాటు పట్టలేదు.

సామాన్ల కొట్లోకి వెళ్లి పాత క్యాలెండరు తెచ్చాడు. వెనకవైపు కెసెల్ బ్యాటు పట్టిన ప్రతిసారికీ పెన్సిల్ గీత, నడిచి వెళ్లినవాటికి సున్నా ఉంది.

"నువ్వు ఆడు," అన్నాడు కెసెల్‌తో.

"పిచ్చా? కొట్టలేకపోతే కిందికి జారిపోతాను."

"ఆడకపోతే అసలుండవు."

"గడ్డి కోసేవాడు మేనేజరైపోయాడర్రా!" అన్నాడు రూడీ. "మూడొందల ముప్ఫై సార్లు బ్యాటు పట్టాడు వీడు."

"నడిచినవి తీసెయ్యి."

రూడీ పెదాలు కదుపుతూ గీతలు లెక్కపెట్టాడు. చుట్ట నమలడం ఆగింది. "రెండు తక్కువ," అన్నాడు మెల్లగా.

"నీకెలా తట్టింది పెద్దాయనా?" అడిగాడు కెసెల్.

"నేనూ కూచున్నాను ఒకసారి."

కెసెల్ ఆడాడు. మొదటిసారి బంతి ఆకాశంలోకి లేచి మైదానం మధ్యలో కాసేవాడి చేతుల్లో పడింది. రెండోసారి నేలబారుగా పోయి, అవతలివాడికి దొరికి, కెసెల్ కన్నా ముందే బేసుకి చేరిపోయింది. మూడొందలు నిండగానే రూడీ కూచోబెట్టేశాడు. మూడు నలభై.

ఎండ వాలే వేళకి ఆర్వల్ నిచ్చెనెక్కి పై రెండు పలకలూ మార్చాడు. కెసెల్ కింద నిచ్చెన పట్టుకున్నాడు.

"రెండోవాణ్ణయ్యాను."

"ఉన్నావుగా."

కెసెల్ భార్య ఫొటో తీసింది. కెసెల్ తల ఎత్తకుండా అడిగాడు. "నీదెంత?"

"మూడు యాభై."

కెసెల్ పై మేకు వంక చూశాడు. వెళ్లేముందు ముసలాయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, వదిలాడు.

అందరూ వెళ్లారు. ఇనప పళ్ల దువ్వెనకర్ర తీసుకుని, మట్టి చదును చేసి పోతానన్నాడు ఆర్వల్.

మర్నాడు పొద్దున బ్యాట్లకోసం వచ్చిన రూడీకి అతను బెంచీ మీదే కనిపించాడు. కర్ర కాళ్ల మధ్య, టోపీ మోకాలి మీద. మట్టి నున్నగా దువ్వి ఉంది, ఒక్క అడుగు జాడ లేదు. రూడీ రెండుసార్లు పిలిచాడు. తర్వాత తన టోపీ కూడా తీశాడు.

కొట్లో క్యాలెండర్ల వెనక గోడకి ఆనించి ఒక పలక ఉంది. ఆర్వల్ టిబెట్స్, మూడు యాభై. ఏటేటా వేసిన రంగు దళసరిగా పేరుకుంది. మిగతా పలకల కన్నాలు మేకులు రాసుకుని నల్లబడ్డాయి, దీని కన్నం అంచు మాత్రం నిన్ననే తొలిచినట్టు తెల్లగా ఉంది.