లేచిన చేతులు

కండక్టరమ్మ కౌన్సిలరైందంటే వార్డులో ముక్కున వేలేసుకోనివాళ్లు లేరు. బస్సులో సొంత తమ్ముడికైనా టికెట్టు కొట్టకుండా వదలని మనిషి, రిటైరయ్యాక ఇంట్లో ఊరుకోలేక ఎన్నికల్లో నిలబడింది. పార్టీ లేదు, పలుకుబడి లేదు, ఉన్నదల్లా నోరే. "ఏ పనైనా అందరి ముందూ మీ చేతులెత్తించే చేస్తాను. చాటుమాటు బేరాలుండవు" అని వీధివీధినా అరిచింది. జనం నమ్మారు. పాపం, అందరికంటే ఎక్కువ తనే నమ్మింది.

తొలి పరీక్ష చెత్త యార్డు రూపంలో వచ్చింది. వార్డు చెత్తంతా పోయడానికి చోటు కావాలి. పెద్ద వీధి పక్క మైదానం, లేదంటే వెనక సందు చివరి గుంట. ఆ సందులోనే తమ్ముడి ఇల్లు, ముందుగదిలో లాండ్రీ. అతని కూతురికి పుట్టినప్పటినుంచీ ఆయాసం. కాస్త పొగ తగిలినా పిల్ల పెదాలు నీలం తిరుగుతాయి.

సభకి ముందురోజు తమ్ముడు వచ్చాడు. "అక్కా, చీటీలు పెట్టించకూడదూ? ఎవరి మనసులోది వాళ్లు రాసి డబ్బాలో వేస్తారు."

"దొంగల్లా చాటుగా ఎందుకురా? మీ సందులో జనం పెద్ద వీధివాళ్లకి రెట్టింపు. చేతులెత్తితే చాలు, గెలుపు మీదే. ఉన్నమాట చెప్పడానికి ఉలుకెందుకు?"

తమ్ముడు చెప్పులు తొడుక్కున్నాడు. "నువ్వు చెప్తే సరే" అని వెళ్లిపోయాడు.

స్కూలు హాల్లో పెద్ద వీధివాళ్లు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. వెనక సందువాళ్లు గోడవారన నిలబడ్డారు. వాళ్లంతా ఆ కుర్చీల్లోవాళ్ల ఇళ్లలో వంట చేసేవాళ్లు, కార్లు నడిపేవాళ్లు, పిల్లల్ని ఎత్తుకు తిరిగేవాళ్లు. కండక్టరమ్మ తలలు లెక్కేసుకుని లోలోపల మురిసిపోయింది. ఉద్యోగమంతా ఆమె చేసింది ఆ లెక్కే.

"యార్డు వెనక సందులో పెట్టాలనేవాళ్లు చేతులెత్తండి!"

ముందు కుర్చీల్లో చేతులన్నీ లేచాయి. తర్వాత వాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. ఊరికే చూశారు, అంతే. బెదిరించడానికి కర్రే పట్టుకోవాలా ఏం? ముందు ఒక వంటమనిషి చెయ్యి లేచింది. తర్వాత ఒక డ్రైవరుది. ఆపైన గోడవారనున్నవాళ్లవి ఒక్కొక్కటిగా.

చివరికి తమ్ముడొక్కడే మిగిలాడు. ముందు వరసవాళ్లు ఆ రోజు తొడుక్కొచ్చిన చొక్కాలు కూడా అతను ఇస్త్రీ చేసినవే. తల దించుకుని, కాలిన మచ్చలున్న చేతిని పైకెత్తాడు.

"ఏకగ్రీవం!" అంటూ మునిసిపల్ ఆఫీసరు చప్పట్లు కొట్టాడు.

"ఆగండాగండి, ఇది చెల్లదు. చీటీలు పెడదాం" అంది కండక్టరమ్మ. బస్సు చివరిదాకా వినిపించే గొంతు ఆమె చెవికే వినపడలేదు.

ముందు వరసలోని డాక్టరు నవ్వాడు. "ఏరు దాటాక తెప్ప తగలేస్తారా అమ్మా? చేతులెత్తమన్నది మీరే కదా."

ఆఫీసరు తీర్మానం కాగితం ఆమె ముందుకి జరిపాడు. సంతకం పెట్టింది.

సాయంత్రం తమ్ముడింటికి వెళ్లేసరికి, అతను పిల్ల పడుకునే గది కిటికీకి చెక్క అడ్డం కొడుతున్నాడు. ఆమెకి ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

"నీ కూతురి ఊపిరి కదరా! ఆ చెయ్యి ఎలా లేచిందిరా నీకు?"

అతను సుత్తి ఆపలేదు. "మేం నీకు ఓటేసింది కూడా చాటుగానే అక్కా. ఎవరూ చూడలేదు కాబట్టే గెలిచావు."

మంచం మీంచి పిల్ల సన్నగా పిలిచింది. "అత్తా, నువ్వు చెప్తే నాన్న వింటాడుగా. కొంచెం తెరిచి ఉంచమనవా? గాలి ఆడట్లేదు."

కండక్టరమ్మ కిటికీ బయట గుంటవైపు చూసింది. అప్పుడే మొదటి చెత్త లారీ వెనక్కి నడుస్తూ గుంట అంచుకి వస్తోంది.

"మేకు అందుకో అక్కా" అన్నాడు తమ్ముడు.

అందించింది.