కటింగులు పోను

గంజి పలచనైతే ఖాకీ నిలవదు, చిక్కనైతే మెడ దగ్గర ఒరుసుకుంటుంది. ఆ మధ్య కొలత లీల చేతికి పట్టుబడడానికి మూడు వారాలు పట్టింది. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా కోడలి యూనిఫాం పెరట్లో తీగ మీద ఆరేస్తోంది. అరుగు మీద కూర్చున్న భర్త ఏసుపాదం నవ్వాడు.

“ఏటే, ముప్పై ఐదేళ్ల కాపురంలో నా సొక్కాకి ఒక్కపాలైనా గంజెట్టినావేటి? పోలీసమ్మ బట్టలకైతే పెడతన్నావు.”

లీల చొక్కా కాలరు సరిచేసి తీగకి క్లిప్పు పెట్టింది. ఆయనన్నది అబద్ధం కాదు, గంజి పెట్టలేదు. ముప్పై ఐదేళ్లు ఉతికింది, ఆరేసింది, మడతపెట్టింది, ఊడిన బొత్తాలు కుట్టింది. దాన్ని ఎవరూ ఎప్పుడూ పని అనలేదు గనక తనూ అనుకోలేదు. ఈ చొక్కా సంగతి వేరు. దీని జేబు మీద పేరు పలక తగిలించడానికి రెండు చిన్న చిల్లులున్నాయి. రేపు పొద్దున్న అక్కడ ‘కృపాజ్యోతి’ అన్న పేరు ఎక్కుతుంది. ఇన్నేళ్లలో తన చేతుల మీదుగా వెళ్లిన బట్టల్లో ఆడమనిషి పేరు మోసేది ఇదొక్కటే.

కృపాజ్యోతి ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే కానిస్టేబుల్ మొదటి రాతపరీక్ష పాసయి ఉంది. ఆ తర్వాత ఏవేవో అడ్డంకులొచ్చి ఆ భర్తీ ఏళ్లతరబడి ఆగిపోయింది. ఆగిన కాలంలోనే పెళ్లయింది, పాప పుట్టింది. ఉద్యోగం సంగతి ఆ పిల్ల తప్ప అందరూ మర్చిపోయారు. పాపకి ఏడో నెల వెళ్లాక పరుగు పరీక్షకి రమ్మని ఫోనుకి మెసేజ్ వచ్చింది.

“పాలిచ్చే తల్లివి, పరుగేటి? నలుగురూ నవ్వుతారు” అన్నాడు లీల కొడుకు ప్రభుకుమార్. అతనికి సొంత ట్రాలీ ఆటో ఉంది. గొలుగొండ, రావికమతం వైపు ఎరువు బస్తాలు తోలుతాడు. చెడ్డవాడు కాదు. తల్లి చేతి అన్నం తిని పెరిగినవాడు, ఆ అన్నం ఎలా వచ్చిందో అడగకుండా పెరిగినవాడు.

మర్నాడు తెల్లవారుజామున లీల కోడల్ని తట్టి లేపింది. “లెగమ్మా, బేగి తయారవు. గ్రౌండు మా హాస్టలు దారిలోనే కదా” అంది. ఒక ప్రైవేటు హాస్టల్లో వంటమనిషి తను. రోజూ ఐదున్నరకల్లా పొయ్యి వెలిగించాలి. అంతకు ముందు గంట ఆ పిల్లకిచ్చింది. పాపని చంకనేసుకుని, ఫోనులో టైము చూసే గడియారం ఎలా నొక్కాలో నేర్చుకుని, గ్రౌండు అంచున నిలబడింది. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరిగెత్తాలట. మొదటిరోజు కృపాజ్యోతి సగంలో కూలబడి వాంతి చేసుకుంది. టీషర్టు ముందంతా పాలతో తడిసిపోయింది. ఆ తడి చూసి వాకింగుకి వచ్చిన మగవాళ్లు ముఖం తిప్పుకోకుండా చూస్తుంటే, లీల తన పైటచెంగు తీసి కోడలి భుజాల మీద కప్పి, వాళ్లవైపు ఒక్క చూపు చూసింది. మర్నాటి నుంచి వాళ్లు గ్రౌండుకి అటుపక్క నడవడం మొదలుపెట్టారు.

“ఎంతొచ్చిందండీ అత్తా?” అని రోజూ అడిగేది ఆ పిల్ల, మోకాళ్ల మీద చేతులాన్చుకుని ఆయాసపడుతూ. పదమూడు. పన్నెండున్నర. పదకొండు దాటి నలభై సెకన్లు. లీల ఒక్క సెకను కూడా తగ్గించి చెప్పలేదు. ఉన్నమాటే చెప్పేది, చెప్పి మంచినీళ్ల సీసా ఇచ్చేది. తన పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఆడది పరిగెత్తగా ఎప్పుడూ చూడలేదు తను. పాలు పొంగినప్పుడు, పిల్లాడు పడినప్పుడు పరిగెత్తడం వేరు. తన కోసం, తన రొమ్ములూ తొడలూ నొప్పెడుతున్నా ఎవరూ తరమకుండా పరిగెత్తడం ఇదే చూడడం. రెండో నెల చివర ఓ పొద్దున్న ఫోనులో పది నిమిషాల ఇరవై సెకన్లు కనబడితే, పాప ఉలిక్కిపడేలా కేకేసింది. కృపాజ్యోతి వచ్చి ఆవిడ మెడ కావలించుకుని, “నువ్వు లేకపోతే ఇది నావల్ల అయ్యేది కాదత్తా” అంది. ఆ రోజు నుంచి ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చింది.

పరీక్షలన్నీ దాటింది. కోడలు తొమ్మిది నెలల ట్రైనింగుకి వెళ్లాలి, పాపని లీలే చూడాలి. హాస్టలు వార్డెన్ దీనా మేడం, “వారానికి మూడు రోజులొస్తానంటే కుదరదు లీలా, వేరే మనిషిని పెట్టుకుంటాం” అంది. ఇరవయ్యారేళ్ల పని ఒక్క మాటతో అయిపోయింది. ఆఖరిరోజు ప్రార్థన చేసి, శాలువా కప్పి, స్టీలు క్యారేజీ ఇచ్చారు. అంతకు ముందటేడు వాచ్‌మన్ చిట్టిబాబు మానేసినప్పుడు పి.ఎఫ్. డబ్బులొచ్చాయనీ, వాటితో ఇంటికి స్లాబు వేశాడనీ లీలకి తెలుసు. ఆఫీసు గది గుమ్మంలో నిలబడి, “మాకేటీ రాదాండీ?” అని గుమస్తాని అడిగింది. అతను నవ్వాడు. “వంటోళ్లు రోజుకూలీ లెక్క కదమ్మా. మీకు జీతంలో కటింగే లేదు, సంతోషించండి.”

నిజానికి ఇరవయ్యారేళ్లూ ఆవిడ సంతోషించింది కూడా. ఎంతిస్తామన్నారో అంతా చేతికి వస్తోందని.

ట్రైనింగు పూర్తి చేసుకుని కృపాజ్యోతి తమ ఊరు నర్సీపట్నంలోనే డ్యూటీలో చేరింది. శివరాత్రికి బలిఘట్టం శివుడి గుడి దగ్గర బందోబస్తు వేశారు. పొద్దుటినుంచీ తిండి లేదని తెలిసి లీల ఆటోలో క్యారేజీ పట్టుకెళ్లింది. ఇసకేస్తే రాలని జనం. ఆడవాళ్ల క్యూ దగ్గర తోపులాట మొదలై, ఒక ముసలావిడ కింద పడిపోయింది. “ఆగండమ్మా! ఒక్కడుగు వెనక్కి!” అన్న గొంతు విని లీల తలెత్తి చూసింది. ఇంట్లో మావగారి ముందు గొంతెత్తని పిల్ల, రెండు చేతులూ చాపి అంతమందిని ఆపేసింది. ముసలావిడని ఎత్తి కూర్చోబెట్టి, చెప్పు వెతికి తొడిగింది. ఎవరినీ తిట్టలేదు, లాఠీ ఎత్తలేదు. లీల క్యారేజీ చంకన పెట్టుకుని ముందుకు జరిగింది. పక్కనున్నావిడతో “మా కోడలండి” అని చెప్పింది, ఆవిడ అడక్కపోయినా.

మొదటి పూర్తి జీతం పడిన సాయంత్రం ఇంట్లో పండగలా ఉంది. ప్రభుకుమార్ నలభై వేలొస్తాయని లెక్క వేసుకుని, ట్రాలీ ఆటో ఇచ్చేసి పెద్ద బండి తీసుకోవడానికి షోరూంలో మాట్లాడొచ్చాడు. ఏసుపాదం తనకో కొత్త ఫోను చాలన్నాడు. లీల నేల మీద కూర్చుని మునగాకు దూస్తూ వింటోంది.

“ముప్పై రెండు వేల చిల్లరేటి? మిగతాదేది?” అన్నాడు ప్రభుకుమార్, భార్య ఫోను తన చేతిలోకి తీసుకుని.

“కటింగులు పోను చేతికొచ్చేది అంతేనండి. ఇన్సూరెన్సు ఉంది, హెల్త్ కార్డుకి ఉంది. పెద్దది పెన్షన్‌ది. జీతం, డి.ఏ. కలిపి అందులో పదో వంతు కోస్తారు. గవర్నమెంటు కూడా దానికి కలిపి నా నంబరు మీద వేస్తుంది. రిటైరయ్యాక వస్తాది.”

“నువ్వు రిటైరయ్యేది అరవై రెండుకి! ఇంకా ముప్పై నాలుగేళ్లుంది. ఎవడడిగాడు మనల్ని? ఆపించెయ్.”

“ఆపడానికి లేదండి. ఉన్నా ఆపను.”

ఆ రెండో మాట చాలా మామూలుగా అంది. మునగాకు దూసే లీల చెయ్యి ఆగింది.

ఏసుపాదం అందుకున్నాడు. “పూర్వం పోలీసోళ్లకి ఏ కోతా లేకుండా పింఛనొచ్చీది. ఇప్పుడు మీ డబ్బే మీకిచ్చి పింఛనంతన్నారు. ఇదేటి ఉద్యోగమమ్మా?”

“ఆ బాధ మా బేచ్ అందరికీ ఉంది మావయ్యగారూ. పాతదైతే బాగుండును. కానీ మా అమ్మ జీడిపిక్కల ఫేక్టరీలో ముప్పై ఏళ్లు చేసింది. ఒళ్లు హూనమయ్యాక ఎవరిస్తే వాళ్ల చేతిలోది తిని పోయింది. నా ముసలితనానికి నెలనెలా ఎవరో ఒకరు దాచిపెడుతున్నారంటే నాకు బెంగ తీరినట్టుంది.”

లీల అరవయ్యో ఏట తనెలా ఉంటుందో ఎప్పుడూ ఊహించుకోలేదు. ఇరవయ్యారేళ్ల కూలిలో ఇంటి రేకులున్నాయి, ప్రభు ఆటోకి మొదట కట్టిన సొమ్ముంది, ఏసుపాదం కంటి ఆపరేషనుంది. అన్నీ ఉన్నాయి గానీ ఆవిడే లేదు. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, తనకి నెరిసిన జుట్టు వచ్చే రోజుని ఇప్పుడే తలుచుకుని దానికి చోటు ఉంచుకుంటోంది. ఈ తెలివి దీనికి ఎవరు నేర్పారా అనుకుంది లీల, అసూయ లేకుండా, ఒకలాంటి ఆశ్చర్యంతో.

మరో నాలుగు రోజులకి కృపాజ్యోతి ఆ పెన్షన్ కాగితమే ముందేసుకుని కూర్చుంది. తనకేమైనా అయితే డబ్బు ఎవరికి చెందాలో రాసే కాగితం.

“నా పేరు ఇంగ్లీషులో తప్పు లేకుండా రాయి” అన్నాడు ప్రభుకుమార్ షర్టు తొడుక్కుంటూ.

“మీ పేరు రాయలేదండి. సగం పాపకి, సగం అత్తకి.”

అతను బొత్తాం పెట్టుకోవడం ఆపేశాడు. “మొగుడుండగా అమ్మ పేరేటి? ఆఫీసులో ఏటనుకుంటారు?”

“నేను పోతే పాపని ఎవరు పెంచుతారండీ? నా ట్రైనింగు తొమ్మిది నెలలూ ఎవరు పెంచారు? జ్వరమొస్తే ఆస్పత్రికి ఎవరు పట్టుకెళ్లారు?” గొంతు పెంచకుండానే అడిగింది. ప్రభుకుమార్ తల్లివైపు చూశాడు. చూసి, తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.

కృపాజ్యోతి లీల పక్కకి జరిగింది. “అత్తా, నీ పేరు చెల్లాలంటే నువ్వు నా మీద ఆధారపడిన మనిషివని రాయాలి. కాయితం కోసమే.”

“ఎవరి మీద?”

“నా మీద.”

లీల చేతిలో చాట పక్కన పెట్టింది. ఆధారపడిన మనిషి. తండ్రి రేషన్ కార్డులో అలాగే ఉంది, మొగుడి కార్డులోనూ అలాగే ఉంది. అన్నం వండేది తను, వడ్డించేది తను, బియ్యం కొన్న డబ్బూ తనదే. అయినా ఏ కాగితం చూసినా ఎవరో ఒకరి మీద ఒరిగి నిలబడ్డట్టు ఉంటుంది. ఇన్నాళ్లూ తనకే అలా అనిపించలేదేం?

“నా పేరు తీసెయ్యమ్మా. ఆ సగం కూడా పాపకే రాయి.”

“కోపమొచ్చిందా?”

“నీ మీద కోపమేటి నాకు? నువ్వు రాద్దామనుకున్నావు సూడు, అది సాలు. ఈ ఇంట్లో నా మీద ఆధారపడినోళ్లు ఇంతమంది ఉన్నారు. ఆ మాట రాసే కాయితమేదైనా ఉంటే తే, సంతకం పెడతాను.”

కృపాజ్యోతి ఆవిడ ముఖంలోకి చూసి నవ్వబోయింది, కళ్లలో నీళ్లొచ్చాయి. కళ్లు తుడుచుకుని, “హాస్టల్లో ఎంతమంది పనిచేస్తారత్తా?” అని అడిగింది.

“ముప్పై దాకా ఉంటారు.”

“అంతమంది ఉన్న చోట వంటోళ్లకీ పి.ఎఫ్. కటింగు పెట్టాలి. మేనేజిమెంటూ అంత కట్టాలి. వాళ్లు చెప్పలేదు, నువ్వడగలేదు. నేనొచ్చి మాట్లాడనా?”

“ఖాకీ ఏసుకుని నువ్వు రావద్దు” అంది లీల. “అది నీ పని. నా పనికి నానే అడుగుతాను.”

అడిగే రోజు తొందరగానే వచ్చింది. హాస్టల్లో పెట్టుకున్న కొత్త మనిషి చెప్పాపెట్టకుండా మానేసిందట. పిల్లలు అన్నం వదిలేస్తున్నారని దీనా మేడమే ఫోను చేసింది.

“రేపట్నుంచి వచ్చెయ్ లీలా. పది వేలిస్తాం. ఇదివరకటి కంటే వెయ్యి ఎక్కువ.”

“పాపనెవరు చూత్తారే?” అన్నాడు ఏసుపాదం పక్కనుంచి.

“తాత లేడేటి?” అని, మళ్లీ ఫోనులోకి, “ఎక్కువ ఇవ్వకపోయినా పర్లేదండి మేడం. నా జీతంలో కటింగు పెట్టండి. పి.ఎఫ్. కటింగు. నాతో పాటు పొయ్యి దగ్గరున్న ముగ్గురికీ పెట్టండి. అలాగైతేనే వత్తాను” అంది లీల.

మేనేజిమెంటుతో మాట్లాడాలంది మేడం. మాట్లాడండి అంది లీల. ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ ఏసుపాదం, చేతికొచ్చిన పని పోగొట్టుకుందని గొణిగాడు. గొణుగుతూనే పాపకి అన్నం కలిపి తినిపించడం నేర్చుకున్నాడు. ఏడోరోజు, అన్న పది వేల మీదే కటింగు పెడతామనీ, మిగతా ముగ్గురికీ పెడతామనీ, ఆధార్ కార్డూ బ్యాంకు పుస్తకమూ పట్టుకు రమ్మనీ కబురొచ్చింది. గుమస్తా నింపిన కాగితంలో ఎక్కడా ఎవరి మీదా ఆధారపడినట్టు లేదు. ‘ఉద్యోగి పేరు’ అన్న చోట లీల అని ఉంది. తాపీగా, గుండ్రంగా సంతకం పెట్టింది. పాత ఇరవయ్యారేళ్ల మాట కూడా అడిగింది. గుమస్తా తల గోక్కున్నాడు. మళ్లీ వచ్చి అడుగుతానని చెప్పి లేచింది.

నెలాఖరున జీతం పడ్డ మెసేజ్ కృపాజ్యోతి చదివి వినిపించింది. మంచం మీద పాపని నిద్రపుచ్చుతున్న ఏసుపాదం తలెత్తాడు.

“పదివేలూ వచ్చిందేటి?”

“నేదండి. పన్నెండు వందలు తక్కువొచ్చింది” అంది లీల, జీతం పెరిగిందని చెప్పినట్టు.